మామ చేతిలో ఫ్యూజులు

బావిలోకి దిగేవాడు మోటరు ఫ్యూజులు పీకి ఎవరి చేతిలో పెడతాడో, ఆ మనిషి వాడు పైకొచ్చేదాకా కూర్చున్న చోటు నుంచి కదలకూడదు. దాహమేసినా లేవకూడదు, చుట్ట ముట్టించకూడదు, ఒంటికి వచ్చినా పళ్ళ బిగువున ఓర్చుకోవాలి. దిగినవాడు పైకొచ్చి తడి చేయి తుడుచుకుని "ఇయ్యి" అని అడిగినప్పుడే అవి చేతులు మారాలి. ఈ అడవి ఊళ్ళో ఇంతకు మించిన చట్టం లేదని ప్రమీల ఒకసారి ప్రసూన మేడంతో అంటే, ఖమ్మంలో లా పాఠాలు చెప్పే ఆవిడ నవ్వి, దానికి శిక్ష ఏమిటమ్మా అని అడిగింది. శిక్షా? అప్పుడు ప్రమీలకు జవాబు తోచలేదు. ఇప్పుడు బావి ఒడ్డున ఎదురుగా కూర్చున్న దూలయ్య మామను చూస్తుంటే తోస్తోంది గానీ, వాక్యంగా రాయబోతే అది కుదరడం లేదు.

మామ రాతి మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. ఒళ్ళో తువ్వాలు, తువ్వాల్లో మూడు తెల్లటి పింగాణీ ఫ్యూజులు, వాటి మీద రెండు చేతులు. అమ్మకు తమ్ముడు, అన్నకూ తనకూ ఒక్కగానొక్క మేనమామ, అయినా ఈ బావి దగ్గరికి వచ్చి ఏడాది కావస్తోంది. పొద్దు నడినెత్తి మీద నుంచి కాస్త వాలింది. మిరపతోట పూత మీద ఉంది, ఆకులు ఎండకు వేలాడుతున్నాయి. బావిలో మోటరు గద్దె కింద, మెడలోతు నీళ్ళలో అన్న రామకృష్ణ ఉన్నాడు. ఆకులూ నాచూ చుట్టుకుని, గొట్టం అడుగున నీళ్ళు పీల్చే ఫుట్‌వాల్వు మూసుకుపోయిందట, రెండు రోజులుగా మోటరు వేస్తే నీళ్ళకు బదులు గురకే వస్తోందట. కింద నుంచి పానా దెబ్బ ఠంగుమని వినిపించినప్పుడల్లా ప్రమీలకు ఊపిరి ఆడుతుంది, ఆగినప్పుడల్లా ఆగుతుంది. హైదరాబాదులో కంప్యూటర్ల భద్రత మీద పీహెచ్‌డీ చేస్తున్న పిల్ల, ఇంగ్లీషులో పేపర్లు రాసిన పిల్ల, ఇక్కడ పానా చప్పుళ్ళు లెక్కపెట్టుకుంటూ కూర్చుంది. చూసేవాళ్ళకు నవ్వొస్తుంది గానీ, చూసేవాళ్ళెవరు, మామ తప్ప. మామ చూపు ఫ్యూజుల మీద నుంచి లేవడం లేదు.

ఒళ్ళోని ఫోను ఒకసారి వణికింది. ప్రసూన మేడం. "ప్రమీలా, నీ వాక్యం ఒక్కటే ఆగిందమ్మా. అందరూ సరేనన్నారు. సాయంత్రం లోపు పంపించెయ్యి." ఎర్రుపాలెం వైపు మనిషి, మాట మెత్తగా ఉంటుంది, పని మాత్రం వదలదు. ఆ వాక్యం ప్రమీల రాయాల్సిందే, ఎందుకంటే మొదట అన్నది ప్రమీలే. ఒక మోటరుకు ఒకే ఫోను. ఫోను కొడితే మోటరు నడిచే పెట్టెలు చేసేవాళ్ళెవరైనా, ఒక్క యజమాని నంబరుకు తప్ప ఇంకెవరికీ పలకని పెట్టె చేయాలి. నలుగురు నాలుగు చదువుల నుంచి వచ్చి, ఏడాదిగా ఊరూరా తిరిగి, పెట్టెల వల్ల షాకు తగిలిన వాళ్ళందరినీ కలిసి, చివరికి చేరుకున్న మాట అది. ప్రభుత్వం వింటుందంటున్నారు, పెట్టెలు చేసే కంపెనీలూ తల ఊపుతున్నాయి. ఆ నాలుగు మాటలూ టైపు చేయడానికి ఎంతసేపు పడుతుంది? అరచేతిలో ఫోను ఉంది, వేలు మాత్రం కదలడం లేదు.

నలుగురూ కలిసి మొదటిసారి ఈ ఊరొచ్చిన రోజు గుర్తొస్తోంది. జీపు దిగి నలుగురూ షాకు తగిలిన అన్న చేతి చుట్టూ నిలబడ్డారు, ఒకే చేయి, నాలుగు ప్రశ్నలు. డాక్టరు గారు వేళ్ళు ఒక్కొక్కటే వంచి చూసి, కరెంటు ఎటు నుంచి ఎక్కి ఎటు నుంచి దిగిందో, మధ్యలో గుండెను ఎలా తప్పించుకుపోయిందో చెప్పాడు. చెబుతూ చెబుతూ ఆయన గొంతే తగ్గిపోయింది. వ్యవసాయం సారు చేతి వైపు చూడలేక చేను వైపు చూసి, ఆ రోజు మొక్కజొన్న ఏ దశలో ఉంది, నీళ్ళు ఒక్కరోజు ఆగితే ఏమయ్యేది అని అడిగాడు. కండె పాలు పోసుకునే దశ సార్, ఆగితే తాలే మిగిలేది అన్నాడు అన్న. ప్రసూన మేడం మోటరు ఎవరి పేరు మీద ఉంది, ఫోను ఎవరి పేరు మీద ఉంది అని అడిగింది. ప్రమీల మాత్రం పెట్టె మూత విప్పి, దాని పొట్టలో సిమ్ము చూసి, ఫోను చేసింది ఎవరని ఈ పెట్టె అడగదా అని దాన్నే అడిగినట్టు పైకే అనేసింది. అడగదు. అగ్గువ ధర పెట్టె, ఎవరు కొట్టినా పలుకుతుంది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, తన చదువంతా ఆ సామెత చుట్టూ తిరిగేదే, లోపలివాళ్ళను ఎంతవరకు నమ్మాలి అన్నదే. కానీ ఆ రోజు ఫోను కొట్టినవాడు దొంగ కాదే. దొంగ అయ్యుంటే ఎంత బాగుండేది, కసి తీరా రాసేది.

ఠంగ్. ఠంగ్. ఉన్నాడు.

పోయిన ఎండాకాలం గాలివాన కొట్టి స్తంభాలు పడిపోతే ఊళ్ళో కరెంటు పోయింది. చేలు నాలుక చాచుకుని ఉన్నాయి. మామ అప్పుడు పాల్వంచలో కాంట్రాక్టు కూలికి పోతుండేవాడు, సాయంత్రం బస్సులో వస్తుంటే పక్క ఊరివాడెవడో ఎక్కి మీ ఊరికి లైను కలిపిండ్రట అన్నాడు. మామకు ముందు గుర్తొచ్చింది తన చేను కాదు, మేనల్లుడి మొక్కజొన్న. వీడు ఎక్కడ తిరుగుతున్నాడో, కరెంటొచ్చిన సంగతి తెలుసో లేదో, మళ్ళీ ఎప్పుడు పోతుందో అనుకుని, కిటికీ పక్కన కూర్చునే మోటరు నంబరు కొట్టాడు. ఆ క్షణాన అన్న బావిలో గద్దె మీద తడి కాళ్ళతో నిలబడి, మోటరు వైరు అతుకు వేస్తున్నాడు. కరెంటే లేదు గదా అని ఫ్యూజులు పీకలేదు. ఊరి చట్టం తెలిసీ ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి తప్పాడు. మేకలు కాసేవాళ్ళు చూసి పైకి లాగారు, భద్రాచలం దవాఖానాలో బతికించారు, ఎడమచేతి రెండు వేళ్ళు మాత్రం అప్పటి నుంచీ ముడుచుకోవు. మామ బస్సు దిగి ఊళ్ళో గుంపును చూసి, సంగతి విని, ఎవరూ అడగకముందే నడివీధిలో నిలబడి "నేనే కొట్టిన ఫోను, నేనే కొట్టిన" అని అరిచాడు. దాచిందేమీ లేదు. మంచికి పోతే చెడు ఎదురైందన్న మాట ఊరంతా అన్నది. మామ ఒక్కడే ఆ మాట అనుకోలేదు.

ఎవరైనా ఎందుకు కొడతారు ఇంకొకడి మోటరుకు ఫోను? హైదరాబాదులో సెమినారులో ఒకాయన ఇదే అడిగాడు, నిజంగా అర్థంకాక అడిగాడు. ప్రమీల అప్పుడు ఏదో చెప్పి తప్పించుకుంది, తాత బొజ్జయ్య సంగతి చెప్పాల్సింది. తాతకూ పక్కచేను ఆసామికీ గట్టు తగాదా వచ్చి మాటలు పోయాయి. పండుగకు పిలుపుల్లేవు, ఎదురుపడితే మొహాలు తిప్పుకోవడమే. అయినా తాత ఆ దారిన పోతూ అతని మడి నిండి పొర్లుతుంటే, పార తీసుకుని మడవ తిప్పి, నీళ్ళు పక్కమడికి మళ్ళించి పోయేవాడు. అతనూ అంతే. చిన్నప్పుడు ప్రమీల, వాళ్ళతో మనకు మాటల్లేవు కదా తాతా అంటే, తాత పార భుజాన వేసుకుని, "మాట వేరు, నీళ్లు వేరు" అన్నాడు. దారిన పోయేవాడిదే మడవ. పొర్లే నీళ్ళు చూసి చూడనట్టు పోయినవాడికి ఈ ఊళ్ళో పిల్లనిచ్చేవాళ్ళు కాదట, అది తాత కలిపిన మాటో నిజమో తెలియదు. తర్వాత ఫోను పెట్టెలొచ్చాయి. అందరూ తమ మోటరు నంబరును షెడ్డు గోడ మీద ఎర్ర రంగుతో ఇంతింత అక్షరాలు రాయించారు, దారిన పోయేవాడికి కనబడాలని. పార పట్టిన చేతిలోకే ఫోనూ వచ్చింది. ప్రమీల తన మొదటి పేపర్లో ఆ గోడల ఫొటో పెట్టి, కింద తాళం లేని తలుపు అని అర్థమొచ్చేలా ఇంగ్లీషులో రాసింది. అందరూ నవ్వారు. తనూ నవ్వింది. ఛీ, ఎలా నవ్వింది అప్పుడు.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, అన్నకు షాకు తగిలాక ఊరంతా గోడల మీద నంబర్లకు తారు పూసింది. ఈ బావి గోడ మీద మాత్రం అలాగే ఉంది, ఎర్ర అంకెలు, ఎండకు కాస్త వెలిశాయి. తుడిపేయమని ప్రమీల పోరితే, "ఉండనియ్యే చెల్లె, గోడేం జేసింది" అన్నాడు అన్న. మామ ఆ రోజే తన ఫోను తీసి వడ్ల గంపలో అడుగున పెట్టాడట, అత్త ఎంత తిట్టినా మళ్ళీ ముట్టలేదు. చేలకు పోవడానికి చుట్టుదారి పట్టాడు, ఎవరి మడీ కంటపడకుండా. మొన్న వానాకాలం ఒకరి మడి రాత్రంతా పొర్లి గట్టు తెగి, నారంతా కొట్టుకుపోయింది. అంతకుముందు సాయంత్రం, నీళ్ళు పొర్లుతుండగానే, ఆ దారిన ఎంతమంది పోయారో, ఒక్కరూ పార ముట్టలేదు. మనకెందుకొచ్చిన గొడవ అన్నారట. ఆ మాట ఈ ఊళ్ళో ప్రమీల అంతకుముందు విని ఎరగదు. ఆ వాక్యం పంపితే ఇక ఆ మాటే రూలు అవుతుంది. పంపకపోతే? ఇంకో ఊళ్ళో ఇంకో బావిలో ఇంకెవరి అన్నో. ఆ రెండు వేళ్ళతో చొక్కా గుండీ పెట్టుకోలేక అన్న వదినను పిలవడం తను చూసింది కదా, ఆ కోపం అబద్ధమా? కాదు. ఆ కోపంతోనే కదా ఆ నాలుగు మాటలూ పుట్టాయి.

చప్పుడు ఆగింది.

ఎప్పుడు ఆగిందో గమనించలేదు. ప్రమీల మెడ చాచి బావిలోకి చూసింది. గద్దె నీడలో నల్లటి నీళ్ళు, వలయాలు, మనిషి కనబడలేదు. మునిగి ఉంటాడు. చిన్నప్పుడు వాగులో తనకంటే ఎక్కువసేపు మునిగి ఏడిపించేవాడు, కానీ అప్పుడు పది వేళ్ళూ ఆడేవి. మామ కూర్చున్న చోటి నుంచే, మెడ కూడా తిప్పకుండా, "ఓ..." అని పిలిచాడు. బావి ఆ కేకను తిప్పి పంపింది. మామ వేళ్ళు ఫ్యూజుల మీద ఇంకా బిగిశాయి. మళ్ళీ "ఓ..." అన్నాడు, ఈసారి గొంతు సగంలో విరిగింది. నీళ్ళు చీలిన చప్పుడు, దగ్గు, ఆ తర్వాత తీరిగ్గా "ఆ..." అని అన్న గొంతు. ప్రాణం లేచొచ్చింది. మళ్ళీ ఠంగుమంది.

మామను ఇక్కడిదాకా ఎలా తెచ్చాడో పొద్దున తనూ చూసింది. తను బస్సు దిగి వచ్చేసరికి అన్న అప్పటికే తాడు భుజాన వేసుకుని ఉన్నాడు. వద్దన్నా అని తను పోరితే వినలేదు, నా బావి నేనే దిగుతా అన్నాడు. పోనీ పెట్టెలో సిమ్మైనా తీసేస్తానంటే, "ఫ్యూజులుంటయ్ గద ఒకరి చేతిల" అన్నాడు. నా చేతిలో పెట్టు అంది ప్రమీల. అన్న ఆ మాట విననట్టే మామ ఇంటి వైపు నడిచాడు. మామ వాకిట్లో తునికి ఆకు కట్టలకు తాళ్ళు పేనుతున్నాడు. అన్న గడప అవతలే నిలబడి, "మామా, బావిల దిగుతున్న. ఫ్యూజులు పట్టుకుందువు రా" అన్నాడు, అంతే. క్షమించానని గానీ, మరిచిపోయానని గానీ ఒక్క ముక్క లేదు. మామ చేతిలో తాడు జారిపోయింది. "నన్నా?" అన్నాడు. "నిన్ను గాక ఇంకెవల్ని?" అన్నాడు అన్న విసుగ్గా, పనికి ఆలస్యమవుతున్నవాడిలా. మామ ముఖం కడుక్కుని, కొత్త తువ్వాలు వేసుకుని వచ్చాడు. ఫ్యూజులు పట్టుకోవడానికి కొత్త తువ్వాలేమిటని ప్రమీలకు ముందు నవ్వొచ్చింది, తర్వాత కళ్ళు తిప్పుకోవాల్సి వచ్చింది.

ఇలా ఎటో పోయిన మనసును షెడ్డులోంచి ఒక చిన్న చప్పుడు పట్టి లాగింది. టిక్.

పెట్టె మీద ఎర్ర దీపం వెలిగి ఆరింది, వెలిగి ఆరింది. ప్రమీలకు ఆ దీపం తెలుసు. పెట్టెకు లోపల చిన్న బ్యాటరీ ఉంటుంది, కరెంటు లేకపోయినా ఫోను వస్తే పలుకుతుంది. ఎవరో కొట్టారు. ఎవరో ఈ నంబరు కొట్టారు, అన్న నీళ్ళలో ఉన్నాడు, ఎవరో మోటరు వేశారు. మోటరు మాత్రం లేవలేదు. బావిలో పానా చప్పుడు తన పాటికి తను ఠంగుమంటూనే ఉంది. దీపం ఆరిపోయింది. ప్రమీల మెల్లగా తల తిప్పింది. మామ ఆ పెట్టెనే చూస్తున్నాడు, ముఖంలో చుక్క నెత్తురు లేదు. ఫ్యూజులను తువ్వాలుతో సహా రొమ్ముకు హత్తుకుని ఉన్నాడు. అవి అక్కడే ఉన్నాయి. మూడూ అక్కడే ఉన్నాయి.

వెంటనే ప్రమీల ఫోను మోగింది. పెద్దమ్మ జంపక్క, అమ్మకూ మామకూ అక్క, ఎవరి మాటా చెవిన పెట్టని మనిషి.

"బిడ్డా, నువ్వొచ్చినవని చూసిన. అన్నతోని ముచ్చట్ల బడి తోటను మరిసిండ్రు గద. వాగవతల మేకలకాడున్న, మిరప తలకాయ ఏలాడేసింది. నేనే కొట్టిన మోటరుకు. నీళ్లొచ్చినయా?"

అవే మాటలు. బస్సులో కూర్చుని మామ అనుకున్నవి కూడా ఇవే మాటలై ఉంటాయి. ఏం చెప్పాలి ఈవిడకు? అబద్ధం చెప్పొచ్చు, కరెంటు లేదు పెద్దమ్మా అని. నోరు మాత్రం నిజమే చెప్పింది. "పెద్దమ్మా, అన్న బావిల ఉన్నడు."

అవతల మేకల అరుపులు వినిపించాయి. తర్వాత ఏదో మూలుగు లాంటిది వచ్చింది, "అయ్యో, నేనేం జేస్తి, అయ్యో నా చేతులు ఇరిగిపోను" అని. ప్రమీల ఏమీ కాలేదని చెప్పబోతుంటే ఎదురుగా ఒక చేయి చాచుకుని వచ్చింది. మామది. ఎడమచేత్తో ఫ్యూజులను రొమ్ముకు అదుముకునే, కుడిచేయి చాచాడు. ఏడాదిగా ఫోను ముట్టని చేయి. ప్రమీల ఫోను ఇచ్చింది.

"అక్కా," అన్నాడు మామ. "నేను, దూలయ్యను. ఏడవకు. ఏం గాలే. ఫ్యూజులు నా చేతిలున్నయ్. ఇనబడుతుందా, నా చేతిల. ఆడు కిందున్నడు, మంచిగున్నడు, పానా గొడుతుండు." కాసేపు విన్నాడు. "నీ తప్పేముంది? తోట ఎండుతుంటే కొట్టక ఏం జేస్తవ్?" మళ్ళీ విన్నాడు, తల అడ్డంగా ఊపాడు, చెంపల మీద నీళ్ళు కారుతున్నా తుడుచుకోవడానికి చేయి లేదు. "వద్దు. మానకు. నువ్వు గూడ ఫోన్ పారేసుకుని మూలకు కూసుంటవా? కొట్టుడు మానకక్కా."

ఏడాదిగా ఊళ్ళో ఒక్కరైనా మామతో ఈ మాట అన్నారా? తను అన్నదా? నాలుగు చదువులు ఆయన ఇంటి ముందు జీపు ఆపాయి, ఎవరికి కావలసింది వాళ్ళు అడిగి పోయాయి. ఎవరూ ఈ మాట అనలేదు. ప్రమీల తల వంచుకుని ఏడ్చింది, దాచుకోకుండా ఏడ్చింది.

అన్న తాడు పట్టుకుని మెట్ల మీదుగా పైకొచ్చాడు, ఒళ్ళంతా నాచు, చేతిలో కుళ్ళిన ఆకుల ముద్ద. చెల్లెనూ మామనూ మార్చి మార్చి చూసి, "ఏందే, ఎవలు పోయిండ్రు?" అన్నాడు. ప్రమీల చెప్పింది. అన్న గోడ మీది ఎర్ర అంకెల వైపు ఒకసారి, బావిలోకి ఒకసారి చూశాడు. తడి చేయి లుంగీకి తుడుచుకున్నాడు, ఎడమచేయి కూడా, వంగని వేళ్ళతో సహా. "ఇయ్యి మామా" అన్నాడు.

మామ తువ్వాలు విప్పి ఒక్కొక్కటే అందించాడు. అరచేతిలో పింగాణీ అంచుల ముద్రలు ఎర్రగా పడి ఉన్నాయి. అన్న వాటిని బోర్డులో గుచ్చి, పచ్చ బొత్తాం దాకా పోనిచ్చిన వేలును వెనక్కి తీసుకున్నాడు. "పెద్దమ్మ లైన్లనే ఉన్నదా? ఆమెనే కొట్టుమను."

"ఇది పెట్టేసి మోటరుకు కొట్టక్కా," అన్నాడు మామ ఫోనులో. "ఈపాలి నీళ్లొస్తయ్."

ముగ్గురూ షెడ్డు ముందు నిలబడ్డారు. పెట్టె మీద దీపం వెలగలేదు. కొడుతుందో లేదో, ఆ చేయి ఆడుతుందో లేదో. ఆ సందులో ప్రమీల ఫోను తీసుకుని ప్రసూన మేడంకు రాసింది. ఒకే ఫోను అన్న మాట తీసేస్తున్నాను మేడం. నంబరు ఎంతమందికైనా ఉండనివ్వండి. ఈ ఫ్యూజుల్లాగా దిగేవాడు పీకి ఇంకొకరి చేతిలో పెట్టగలిగే తాళంచెవి లేని పెట్టెను మాత్రం అమ్మనివ్వకూడదు, నా వాక్యం ఇదే. జవాబు వెంటనే వచ్చింది. "బాధ్యత ఎవరిది మరి? చట్టానికి ఒక మనిషి కావాలి కదమ్మా." ప్రమీల ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "చేతిలో పట్టుకున్న మనిషిది" అని కొట్టి పంపేసింది.

టిక్. ఎర్ర దీపం వెలిగింది. ఆ వెంటనే బావిలో మోటరు హోరుమంది. గొట్టం దగ్గి, బురద కక్కి, తర్వాత తెల్లటి నీళ్ళు ఎగిరి కాలువలో పడ్డాయి. ఫోను మళ్ళీ మోగింది.

"వచ్చినయా బిడ్డా?" పెద్దమ్మ గొంతు ఇంకా వణుకుతోంది.

మామకు ఇద్దామని ప్రమీల అటు తిరిగింది. మామ అక్కడ లేడు. మోటరు హోరుమనగానే తుమ్మచెట్టు చాటుకు పరుగెత్తాడు, ఎంతసేపటి నుంచి ఓర్చుకున్నాడో పాపం. చాటు నుంచి వచ్చి, షెడ్డుకు ఆనించిన పార అందుకుని, మేనల్లుడి తోటలోకి దిగి నీళ్ళ వెంట నడుస్తున్నాడు.

"వచ్చినయ్ పెద్దమ్మా," అంది ప్రమీల. "మామ మడవ తిప్పుతుండు."